చెవితో చూసిన బిందె

ఆదివారం, రాత్రి

హుస్సేనీ ఆలంలో మా కార్ఖానాలో పనిచేసే ఇమ్రాన్ తమ్ముడి బరాత్, పెళ్లి ఊరేగింపు, చూసి వచ్చాను. అరికాళ్లలో మర్ఫా డప్పుల దరువు ఇంకా ఆగలేదు. వాయించిన వాళ్లలో అరవై దాటనివాడు లేడు. డప్పుల మధ్య సలీం చాచా స్టీలు బిందె మీద కర్రలు ఆడిస్తుంటే పెళ్లికొడుకే గుర్రం దిగి ఎగిరాడు!

ఉన్నట్టుండి చాచా ఆ బిందె పక్కన పడేసి ఇంకోటి అందుకున్నాడు. ఆట ఆగాక అడిగాను.

"ఏమైంది చాచా?"

"పగిలింది బేటా."

ఇరవై ఏళ్లుగా లోహాలు పరీక్షించే ఉద్యోగం నాది. తిప్పి తిప్పి చూసినా గీత కూడా కనబడలేదు.

"కండ్లతోటి ఏం జూస్తవ్? చెవి వెట్టు" అని వేలితో కొట్టాడు. నిజమే, మోత చివర సన్నటి జీర. నీళ్లు పోస్తే అడుగున ఒక చుక్క ఊరింది.

ఆ చెవి ఎన్నేళ్లకు వస్తుందో? ఇంటికొచ్చి మా బిందెలన్నీ కొట్టి చూశాను. "ఏంది లొల్లి?" అని మా ఆవిడ కసిరింది.

అసలు నిన్న కార్ఖానాలో పరీక్షకని బల్ల మీద పెడుతుంటే ఒక ఇనుప కడ్డీ ఇలాగే జీరగా మోగింది. నాకు వినిపించింది. కానీ పరీక్ష మిషన్ కడ్డీ బాగుందని చూపిస్తే సంతకం పెట్టేశాను.

రేపు పొద్దున్నే వెళ్లి ఆ కడ్డీని కొట్టి చూడాలి, సరుకు లారీ కదలకముందే.