కొట్టివేసిన మద్దతులు

లక్సెట్టిపేట,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి స్తుతికి,

ప్రభువు కాపుదలలో నువ్వు చల్లగా ఉన్నావని నమ్ముతూ బాపు ప్రేమతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకుంటే ఇంటి పనంతా మళ్లీ తన మీద పడుతుందని ఇంకా కొంచెం కుంటుతోంది. తమ్ముడు కొత్త ఉద్యోగానికి రోజూ మంచిర్యాల పోయొస్తున్నాడు. బస్సులో నిలబడటం తప్ప అందులో వేరే కష్టం లేదట. జబల్‌పూర్‌లో రొట్టెలు పడటం లేదని రాశావు. జొన్నరొట్టె తిని పెరిగినదానివి, గోధుమ రొట్టెకు భయపడితే ఎట్లా? ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు మారాయా లేదా రాయి.

ఇక అసలు సంగతి. ఫోన్లో నేను వికీపీడియా పేరెత్తగానే నీకు డ్యూటీ గుర్తుకొస్తోంది. ఉత్తరమైతే మధ్యలో కట్ చేయలేవని ఇట్లా రాస్తున్నాను. పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. మెట్‌పల్లి దశరథం సారు నీ మీద ఎందుకు పగబట్టాడని ఒకటి. వికీలో నీ నిర్వాహకురాలి ఎన్నిక నడిచినన్ని రోజులూ సొంత బాపునై ఉండి నేను మద్దతు అని ఒక్క ముక్క ఎందుకు రాయలేదని ఇంకొకటి. రెండింటికీ జవాబు ఉంది. కాని ముందు ఎన్నిక మధ్యలో వచ్చిన ఆదివారం ఇక్కడ జరిగింది చెప్పాలి, అందులో నీకు సగమే తెలుసు.

ఆ రోజు చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పుకునే వేళ మీ అవ్వ లేచి నిలబడిందట. మా స్తుతి వికీలో నిర్వాహకురాలిగా నిలబడింది, ఆమె కోసం ప్రార్థించండి అన్నదట. అంతే చెప్పింది, పాపం. కాని పాస్టర్ జాన్సన్ అయ్యగారు ఊరుకునే మనిషి కాదు కదా. ప్రార్థనతోపాటు పని కూడా చేయాలన్నాడు. ఆరాధన అయ్యాక యువజనులంతా హాల్లో కూర్చుని, వెస్లీ ఫోన్ నుంచే అందరూ నెట్ తీసుకుని, ఒకరి తర్వాత ఒకరు వికీలో ఖాతాలు తెరిచి నీకు మద్దతు రాశారు. అందరిదీ ఒకటే మాట: "మద్దతు. దేవుడు దీవించును గాక." ప్రిస్కిల్లా పెద్దమ్మ మాత్రం మద్దతు కిందే తన బర్రె సుఖంగా ఈనాలని కూడా ప్రార్థించమని రాయించింది.

నవ్వొస్తుంది గాని, వాళ్లను నేను తప్పు పట్టలేను. మన సంఘంలో ఎన్నిక అంటే ఆరాధన తర్వాత అయ్యగారు పేరు చెప్పడం, అందరం చేతులెత్తడం. మన పిల్ల నిలబడితే చెయ్యెత్తకుండా కూర్చున్నవాడు పరాయివాడన్నమాట. వాళ్లు ప్రేమకొద్దీ చెయ్యెత్తారు. వికీలో అది ఎందుకు చెల్లదో మీ అవ్వకు విడమరిచి చెప్పడానికి నాకు రెండు పూటలు పట్టింది. వికీలో నిర్వాహకుల చేతికి పేజీలు తీసేసే అధికారం, చెడగొట్టేవాళ్లను ఆపేసే అధికారం ఇస్తారు కాబట్టి, ఆ మనిషి పని చూసినవాళ్లే బాగోగులు మాట్లాడాలని చెప్పాను. అంతా విని ఆమె ఒకటే అన్నది: "మరి కన్నతల్లి కన్న ఎక్కువ ఎవలు సూసిండ్రు దాని పని?"

ఆ సమయానికి నేను ఊళ్లో లేను. మెట్‌పల్లిలో దశరథం సారు ఇంట్లో ఉన్నాను. మరమగ్గాల షెడ్ల మీద ఆయన రాస్తున్న పేజీకి ఫొటోలు తీద్దామని పోయాను. ఆయన మగ్గం ఆపి వచ్చి, చేతులు తుడుచుకుని కంప్యూటర్ తెరిచాడు. నీ ఎన్నిక పేజీలో మద్దతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చాలాసేపు చూసి నెమ్మదిగా అడిగాడు.

"యేసుదాసన్నా, గీళ్లంత మీ సంఘపోళ్లేనా?"

అవునన్నాను. పేర్లు చూస్తేనే తెలుస్తోంది. ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు.

"పిల్ల మంచిగ పనిచేస్తది. గీ ఓట్లు లేకున్నా గెలుస్తది. జర సూసీసూడనట్టు పోదాం."

బిడ్డా, ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు. వద్దన్నది నేను. నీ పిల్ల అయితే ఒక లెక్క, వేరేవాళ్ల పిల్ల అయితే ఒక లెక్కా అని నన్ను ఎవరూ అడగకముందే నన్ను నేనే అడిగాను. పోయినేడు బోథ్ నుంచి ఒకాయన తన దోస్తులతో ఇట్లాగే రాయించుకుంటే ఆ ఓట్లు కొట్టేసింది మనమే, నువ్వూ చప్పట్లు కొట్టావు. అక్కడే కూర్చుని, ఖాతాలు సరిచూసేవాళ్లకు నా పేరుతోనే మెయిల్ రాశాను. అన్నీ ఒకే చోటు నుంచి వచ్చాయని వాళ్లు తేల్చారు. సొంత బిడ్డ విషయంలో నేను చెయ్యి పెట్టకూడదు కాబట్టి, కొట్టేసే పని సాటి నిర్వాహకుడైన దశరథం సారు మీద పడింది. అందుకే నీకు అక్కడ ఆయన పేరు కనబడింది. ఆయనకు నీ మీద పగ లేదు తల్లీ. ఆ పని పెట్టినవాణ్ణి నేను.

సంఘం ఓట్లు పోయినా నీ పని తెలిసినవాళ్ల మద్దతు సరిపోయేది. ఇంకొక్క రోజు ఓపిక పట్టి ఉంటే గెలిచేదానివి. నువ్వు కోపంతో పేరు వెనక్కి తీసుకున్నావు. తీసుకుంటే తీసుకున్నావు. పోతూ పోతూ ఆ పేజీలో "మా క్రైస్తవులంటే గిట్టని మనిషి" అని ఆయన గురించి రాశావు. మనం పెట్టిన చర్చి పేజీని ఎవరో చెడగొడుతుంటే రోజుల తరబడి కాపలా కాసిన మనిషి ఆయన. ఆ ముచ్చట నీకు నేనే చెప్పి ఉండాల్సింది.

నేను వెంటనే ఆయనకు ఫోన్ చేసి, మెయిల్ రాసింది నేనని పేజీలో చెప్పేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"సెప్పకన్నా. బిడ్డ నా మీద కోపం పెట్టుకుంటే నాకేం పోతది? నీ మీద పెట్టుకుంటే ఇల్లు ఆగమైతది."

ఆ మాట పట్టుకుని ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. నీ కోపం పడటానికి భయపడ్డాను, అదే నిజం. ఇంతలో ఆయన వికీలోకి రావడం మానేశాడు. నిన్న చూస్తే, నా నిర్వాహక హోదా తీసేయండి అని విన్నపం పెట్టి ఉంది. కారణం అన్న చోట ఆరోగ్యం బాగాలేదని రాశాడు. ఆయన ఆరోగ్యానికేం కాలేదు, పొద్దున మార్కెట్‌కు సైకిల్ మీదే పోయాడని ఆయన భార్య నర్మద చెల్లె చెప్పింది.

అందుకని ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందే నీ ఎన్నిక పేజీలో, నువ్వు రాసిన ఆ వాక్యం కిందే, జరిగిందంతా నా పేరుతో రాసి సంతకం చేశాను. ఉత్తరం కన్నా ముందు అదే నీ కంట పడొచ్చు. పడితే బాపు వెన్నుపోటు పొడిచాడని అనుకోకు. అనుకున్నా సరే, ఆ కోపం చేరాల్సిన చోటికి చేరింది. నాతో ఎన్నాళ్లు మాట్లాడకున్నా ఓర్చుకుంటాను. దశరథం సారుకు మాత్రం క్షమాపణ చెప్పు. చాటుగా ఫోన్లో కాదు, నింద వేసిన పేజీలోనే. ఆయన విన్నపం మీద నిర్ణయం తీసుకోవడానికి శనివారం దాకా గడువుంది.

ఇక రెండో ప్రశ్న. బాపును కాబట్టి మొహమాటపడి మద్దతు రాయలేదని నువ్వు అనుకుని ఉంటావు. మొదట్లో నిజమే. మనకు చుట్టరికం లేకపోతే మొదటి రోజే సంతోషంగా మద్దతు రాసేవాణ్ణి, నీ పని అట్లాంటిది. కాని సారు మీద నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం చదివాక, నువ్వు ఎవరి బిడ్డవైనా సరే, నేను వ్యతిరేకం అని రాసి ఉండేవాణ్ణి. పేజీలో అది కూడా రాశాను.

ఇట్లు,
నీ క్షేమం కోరే
బాపు