చెంపల మీద నీడ

చోడవరం,
12-5-1996.

శాలోమికి,

నువ్వు గాజువాక కాపురానికి వెళ్లి ఎనిమిది నెలలైంది. మన పార్లర్‌ను ఒక్కదాన్నే నడుపుతున్నాను. బేరాలు ఫరవాలేదు, కంగారు పడకు. ఈ ఉత్తరం వేరే సంగతికి.

నిన్న వడ్డాది నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. కామెర్లు వచ్చి తగ్గిన పిల్ల, బుగ్గలు లోపలికి పోయాయి. "ఫొటోల్లో నిండుగా కనబడాలమ్మా" అని చెప్పి వాళ్ల మేనత్త కింద బట్టల కొట్టుకు వెళ్లింది. నువ్వు నేర్పినట్టే గుంటల్లో లేత రంగు అద్ది, దవడ అంచున గోధుమరంగు పౌడరు వేసి, గీత కనబడకుండా వేళ్లతో మెల్లగా కలుపుతున్నాను. ఆ పిల్ల కళ్లలోంచి నీళ్లు కారాయి.

"ఏటమ్మా, మండుతందా?" అన్నాను.

"నేదక్కా. మా యమ్మ పోయినకాడ్నుంచి నా మొకం ఎవులూ ముట్టుకోనేదు" అంది.

తడిసిన రంగు తుడిచి మళ్లీ వేశాను. అయిపోయాక కూడా కాసేపు ఆ బుగ్గ మీది నుంచి చెయ్యి తియ్యలేదు. పిల్ల అద్దంలో చూసుకుని నవ్వింది. మేనత్త తిరిగొచ్చాక ఇద్దరూ ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

తర్వాత ఆ రంగులే నా ముఖానికీ వేసుకున్నాను. బాగానే కుదిరింది. చూసి చెప్పడానికి ఎవరూ లేరు. ఇంటికి బయలుదేరేముందు కడిగేసుకున్నాను.

మనం ఒకరి ముఖం మీద ఒకరం నేర్చుకునే రోజుల్లో నీ వేళ్లు చల్లగా ఉన్నాయని విసుక్కునేదాన్ని. మీ ఆయనతో చెప్పి ఒక్కరోజు రా. మేకప్పేమీ వద్దు, ఊరికే నా ముఖం మీద చెయ్యి పెట్టు.

నీ నేస్తం