హెక్టర్ జవాబిచ్చాడట

నవంబరు 3, ఆదివారం
పొద్దున్న ఆరింటికి బయలుదేరాం. ద్రాక్షారామం రోడ్డు. వ్యాను మా ఆవిడ సత్యవేణి నడిపింది. నేను పక్క సీట్లో, పొట్టి, పొడుగు కూతలతో మాట పంపే మోర్స్ కీ తొడకు కట్టుకుని. అర్జెంటీనాలో ఉన్న హెక్టర్‌ని రేడియోలో పిలిచాను, నలభై నిమిషాలు. ఏమీ లేదు. ఇది మూడో ఆదివారం.
పదకొండేళ్ళ పందెం మాది. ఆయన ట్రక్కులో, నేను వ్యానులో — రెండు బండ్లూ కదులుతూ ఉండాలి. ఆగిన బండి నుంచి మాట్లాడితే లెక్కలోకి రాదు.
బ్యాండ్, అంటే గాలిలో రేడియో దారి, బాగోలేదేమో.

నవంబరు 5
రేడియోలో కూత శ్రుతిని మళ్ళీ దించాను. సన్నగా ఉంటే అసలు అందటం లేదు. బొంగురుగా పెడితే ఇంట్లో, తలుపులు మూసుకుంటే, కొంచెం... వ్యాను కదిలితే ఇంజను మింగేస్తోంది. హెడ్‌ఫోన్లు పెట్టినా రొదే. స్పీకరు ఒళ్ళో పెట్టుకుంటున్నాను.
చేతులు ఖాళీగా ఉంటే కీ బాగా పడుతుంది, నువ్వు నడుపు అన్నాను సత్యవేణితో. హారన్లు వినపడటం లేదని చెప్పలేదు.

నవంబరు 8
మిల్లుకు సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళాను. సత్యవేణికి చెప్పలేదు. నేను మూడుసార్లు "ఏంటండి" అన్నాక చెవి డాక్టరు గారు కాగితం మీద రాసి చూపించారు. మండపేటలో మిల్లు మోటార్ల పక్కన ముప్పై ఏళ్ళు. పోయింది రాదట. ఉన్నదీ తగ్గుతుందట. చెవికి మిషను పెట్టుకుంటే మనుషుల మాట కొంత తెలుస్తుందట. రేడియో సంగతి చెప్పలేమండి, అని రాశారు.
బస్సులో ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నవంబరు 10, ఆది
పిలిచాను. పిలిచాను. ఏమీ లేదు.

నవంబరు 12
హెక్టర్ మెయిల్. నాలుగు వారాలుగా నీకు జవాబిస్తున్నాను. నీ సిగ్నల్ గట్టిగా వస్తోంది. నేను పంపుతుంటే నా మాటకు అడ్డంగా మళ్ళీ పిలుస్తున్నావు. రిసీవర్ పాడైందా?
బ్యాండ్‌ని తిట్టాను. ఏరియల్‌ని తిట్టాను. మనిషి అవతల మొత్తుకుంటూనే ఉన్నాడు.
చెవిటివాణ్ణి. రాశాను, ఇదిగో.

నవంబరు 13
అవును, రిసీవరే పాడైంది అని రాద్దామనుకున్నాను. రాయలేదు.

నవంబరు 15
మిల్లు గుమస్తా గారు — "ఫోన్లో యాప్ ఉందండి, ఆ కూత విని అక్షరాలు దాని మీదే పడిపోతాయి." తెలుసు. అప్పుడు హెక్టర్ మాట్లాడేది ఫోనుతో, నాతో కాదు. కసిరాను. పాపం, మంచికే చెప్పారు.

నవంబరు 17, ఆది
రానన్నాను. సత్యవేణి తాళాలు తీసుకెళ్ళి వ్యానులో కూర్చుంది. వెళ్ళాం. కార్తీక మాసం, దారంతా గుడికెళ్ళే బస్సులు. పిలిచి పిలిచి కీ లాగి కింద పడేశాను. ఆమె వ్యాను పక్కకు ఆపి, నా వైపు తిరిగి, గట్టిగా అంది.
"మీరు ఆపగానే ఆ కుయ్ కుయ్ వస్తూనే ఉందండి. మొదట్లో వింటున్నారనుకున్నాను. తర్వాత తెలిసింది. ఎలా చెప్పాలో..."
ఇద్దరం ఒకే సంగతి దాచుకున్నాం.

నవంబరు 19
భోజనాల బల్ల దగ్గర సాధన. నేను ఫోన్లో కూత పెడతాను. ఆమె విన్నది విన్నట్టు నా మణికట్టు మీద తడుతుంది. పొట్టిది, పొడుగుది. అక్షరాలు నేర్పనన్నాను. వినటం ఆమెది, చదవటం నాది. అంతవరకు ఒప్పుకోగలను.
హెక్టర్‌కు రాశాను — బాగా నెమ్మదిగా పంపు. కారణం రాయలేదు.

నవంబరు 24, ఆది
ఆరుంపావు. పిలవటం ఆపాను. ఆమె ఎడమ చేయి నా మణికట్టు మీదికి వచ్చింది.
నా కాల్ సైన్, రేడియోలో నా పేరు. అక్షరం అక్షరం. తర్వాత ఆయనది. కళ్ళు తుడుచుకునే తీరిక లేదు. తర్వాత మాటలు — మిత్రమా, నీ చెవులు...
ముందు రోడ్డుకు సగం మేర ధాన్యం ఆరబోశారు. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు. ఆమె చేయి స్టీరింగ్ మీదికి వెళ్ళింది. వ్యాను ఆగిపోయింది.
చేయి మళ్ళీ చాచింది. "ఇంకా వస్తోందండి. ఇవ్వండి చెయ్యి."
బండి ఆగి ఉంది, లెక్కలోకి రాదు అన్నాను.
"ఇవ్వండి."
ఇవ్వలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదన్నాను. ట్రాక్టరు దాటి మేం కదిలేసరికి, కూత ఆగిపోయిందన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.
నీ చెవులు — ఏమన్నాడు? ఎందుకివ్వలేదు నేను?
ఇల్లు చేరేదాకా సత్యవేణి ఒక్క మాట అనలేదు. అన్నదేమో, నాకే వినపడలేదేమో...