గొర్రెల దుడ్లకు వడ్డీ

కుళ్ళాయప్పకు మీ నాయన రాసేది.

తొమ్మిదేండ్ల కింద గొర్రెలమ్మిన దుడ్లు బ్యాంకులో ఏసేనాడు, "మా నాయనకు లెక్కలు తెలీవు" అని మేనేజరు ముందర చెప్పి నీ పేరు కూడా ఎక్కిచ్చినావు. ఆ మాట నేను మర్చిపోలే.

కన్ను ఆపరేషన్ బాగయింది, బయపడాకండి. కట్టు విప్పినాక మొదట చదివింది ఆ బ్యాంకు బుక్కే. తొంబై వేలకు ఏడాదికి మూడు వేలు కూడా రాలే. ఈడ కదిరిలో మీ అక్కోళ్ల వీధిలో అంగడి పెట్టుకున్నాయప్ప "నాకియ్యి మామా, నెలకు నూటికి రెండు రూపాయలిస్తా" అన్నాడు. నేనియ్యను. బోర్ల కోసరం ఆ వడ్డీ కట్టినోణ్ణి, అది ఏ రైతు కడుపు కొట్టి వస్తాదో నాకు తెలుసు.

పోస్టాఫీసులో ముసిలోళ్ల స్కీములో ఏస్తే మూడు నెలలకొకసారి పద్దెనిమిది నూర్లు చేతికొస్తాయంట. "ఐదేండ్లు కదిలిచ్చేదిల్లేదు, ఉంటావా తాతా?" అని గుమాస్తా నవ్వినాడు. "నువ్వు రిటైరయినాక పోతాలేప్పా, ఫారమియ్యి" అన్నా.

ఆ వడ్డీతో నా మాత్రలు నేనే కొనుక్కుంటా. నీ పెండ్లాము మంచిదే, చెయ్యి చాపేదే నాకు చాతకాదు.

దుడ్లు తీయాలంటే నీ సంతకం కూడా కావల్ల. ఇరవయ్యో తేదీ పదింటికి మన గార్లదిన్నె బ్యాంకు కాడికి రా, నేను ఈడ్నుంచి వస్తా. మీ అమ్మ ఆధార్ జిరాక్సు తే, నామినీ ఆమే. చేన్లో శనక్కాయకు ఊడలు మన్నులోకి దిగినాయా? వాన పడిందా? పిల్లోళ్లు సల్లగుండల్ల.

ఫోన్లో ఊఁ అని పెట్టేసేది వద్దు. వస్తావో రావో పదహారో తేదీ లోపల కార్డు రాయి. రాయకుంటే నీకిష్టం లేదనుకుంటా, మళ్లీ అడగను.