మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టే

టకానిని, ఆక్లాండ్
2015 మార్చి 3

సౌభాగ్యవతి కృష్ణవేణి వదినగారికి,

రాజేశ్వరమ్మ నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం. క్రైస్ట్‌చర్చ్‌లో మీరూ, ఈశ్వరరావు అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకండి. మీ మనస్విని పెట్టిన ఫ్యామిలీ గ్రూప్‌లో ఏం రాసినా లండన్‌లో మా రోహన్ చదివేస్తాడు. ఫోన్ చేద్దామంటే ఈయన స్పీకర్ పెట్టమంటారు. వియ్యపురాళ్ల మాటలు వియ్యపురాళ్ల మధ్యే ఉండాలని కాగితం తీశాను.

పిల్లలు లండన్ వదిలి జులైలో మన న్యూజిలాండ్‌కి వచ్చేస్తున్నారు కదా. ఏ ఊళ్లో, ఏ పేటలో ఉండాలో ఇంకా తేల్చుకోలేదట. తేల్చుకోవడానికి ఏముంది? మాకు మూడో వీధిలో కొత్త ఇల్లు లేచింది. నాలుగు బెడ్‌రూములు, తూర్పు గుమ్మం. స్టేషన్‌కి నడిచిపోవచ్చు, రైలెక్కితే రోహన్ లాంటివాళ్ల ఆఫీసులన్నీ ఉండే సిటీ సెంటర్. మూడేళ్ల మనవడు ఇంటికొచ్చాక వెతుక్కోవడం ఎందుకని ఇక్కడి నర్సరీ బడి, అదే కిండీ, వెయిటింగ్ లిస్టులో బంటి పేరు కూడా రాయించేశాను. ఫారంలో వాడి పుట్టినరోజు తప్పు రాశారని ఈయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

అయినా ఆడపిల్లని కన్న తల్లి మీరు. వాళ్లు మీ ఊళ్లో ఉండాలని మీకుంటే సంతోషంగా ఉంచుకోండి. మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టే. నేనేమీ అనుకోను.

మీ వదిన,
రాజేశ్వరమ్మ

తా.క.: మీ ఊళ్లో భూమి ఇప్పటికీ అప్పుడప్పుడూ ఊగుతోందా? ఊరికే అడిగాను. పసివాడు కదా అని.


క్రైస్ట్‌చర్చ్
మార్చి 14

పూజ్యులైన రాజేశ్వరమ్మ వదినగారికి,

కృష్ణవేణి నమస్కారాలు. మీ ఉత్తరం చూసి ఎంత సంతోషమేసిందో! అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ముఖ్యంగా చివరి పేరా. దాన్ని జాగ్రత్తగా దాచిపెట్టుకున్నాను.

భూమి సంగతి అడిగారు. నాలుగేళ్ల కిందట ఆ మధ్యాహ్నం మేమిద్దరం డైనింగ్ టేబుల్ కింద దూరి బతికాం. దాని మీద వేళాకోళం ఆడేంత ధైర్యం మాకింకా రాలేదు. అప్పటినుంచీ ఈ ఊరిని మళ్లీ కడుతున్న ఇంజినీర్లలో మీ అన్నయ్యగారూ ఒకరు. మీ తాజాకలం చదివి వినిపిస్తే, "ఇప్పుడు ఈడ కట్టిన ఇండ్లంత గట్టియి ఇంకేడ లేవని చెప్పు ఆమెకు" అన్నారు. చెప్పాను.

మా పక్కిల్లు అద్దెకు ఖాళీ అయింది. మంచి స్కూల్ జోన్, అందులో ఇల్లుంటేనే ఆ బడిలో సీటు. జోన్ గీత మా వీధి చివరిదాకా వచ్చి ఆగింది, దేవుడు గీసినట్టు. ఆసుపత్రి పదిహేను నిమిషాల డ్రైవ్. మనస్విని నర్సు ఉద్యోగానికి అంతకంటే ఏం కావాలి? పెరట్లో బంటి గెంతడానికి పదడుగుల ట్రాంపొలిన్ కూడా బిగించాం.

మీరు గ్రూప్‌లో పెట్టిన కొత్తింటి ఫోటో చూశాను. చాలా బాగుంది. పక్కన పదకొండు ఇళ్లు కూడా అచ్చం అంతే బాగున్నాయి. పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు మీ అన్నయ్యగారు వాకింగ్ నుంచి తిరిగొస్తూ మీ ఇల్లనుకుని పంజాబీవాళ్లింట్లోకి వెళ్లి సోఫాలో కూర్చున్నారు. వాళ్లు టీ ఇచ్చేదాకా తెలుసుకోలేదు పాపం. పసివాడికి అడ్రస్ ఎలా నేర్పుతారో!

అయినా మగపిల్లాడి తల్లి మీరు. కొడుకు తల్లి దగ్గరుండడం కంటే ధర్మం ఏముంది? మాకేం, ఫోటోలు చూసుకుంటాం. మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టే.

మీ వదిన,
కృష్ణవేణి

తా.క.: నిన్న స్కైప్‌లో నన్ను చూడగానే బంటి "అమ్మమ్మా!" అని స్క్రీన్‌ని ముద్దుపెట్టుకున్నాడు. స్క్రీన్ నిండా జామ్. మీతోనూ అలాగే ఉంటాడు కదూ?


టకానిని
మార్చి 27

కృష్ణవేణి వదినగారికి,

నమస్కారాలు. భూకంపం మాట తప్పే. క్షమించండి. అది తప్ప మిగతా దేనికీ క్షమించమని అడగడం లేదు.

మీ తాజాకలం చదివాక నాకు అన్నం సహించలేదు. పురుడు పోయడానికి వెళ్లి మీరు లండన్‌లో ఆరు నెలలున్నారు. అది పుట్టింటివాళ్ల హక్కు, కాదనను. నాకు దక్కింది మూడు వారాలు. అందులో ఒక వారం జలుబని నన్ను పిల్లాడి గదిలోకే రానివ్వలేదు. మొన్న స్కైప్‌లో నన్ను చూసి బంటి వాళ్ల నాన్నతో, "హూ ఈజ్ దట్ లేడీ?" అన్నాడు. రోహన్ నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరగకుండానే ఏడ్చాను. మీరంటే నాకు కుళ్లు వదినగారూ. ఉన్నమాట రాస్తున్నాను.

మేమూ ట్రాంపొలిన్ కొన్నాం. పన్నెండడుగులది, చుట్టూ వల ఉన్నది. గట్టిదో కాదో చూస్తానని ఈయన ఎక్కి రెండు గెంతులు గెంతి వలలో చిక్కుకున్నారు. మీరు చెప్పిన ఆ పంజాబీవాళ్లే వచ్చి విడిపించారు. మోకాలికి పట్టీ వేశాం.

ఇంకో సంగతి. మీ ఊరి సత్యమ్మగారు ఇక్కడికి పెళ్లికొచ్చి చెప్పారు, అల్లుడి కోసం మీరు గాజు గది కట్టించి చలికాలం కూడా గోంగూర పెంచుతున్నారని. వదినగారూ, మా వాడికి చిన్నప్పటినుంచీ గోంగూర పడదు. కొత్తల్లుడిగా మీ ఇంటికొచ్చినప్పుడు మొహమాటానికి ఒకసారి వడ్డించుకున్నాడు. రెండోసారి, మూడోసారి మీరే వడ్డించారు. ఇంటికొచ్చి నాలుగు రోజులు మజ్జిగ మీద ఉన్నాడు.

సరే, గొడవెందుకు? మీకంత కోరికగా ఉంటే పిల్లల్ని అక్కడే ఉండనివ్వండి. నేనెవరికీ అడ్డురాను.

ఇట్లు,
రాజేశ్వరమ్మ

తా.క.: చివరి పేరా మర్యాదకి రాసింది. మీకు తెలుసనుకోండి.


క్రైస్ట్‌చర్చ్
ఏప్రిల్ 9

శ్రీమతి రాజేశ్వరమ్మగారికి,

నమస్కారం. మీ ఉత్తరం చేరింది. గాజు గదిలోకి వెళ్లి గోంగూర మొక్కల మధ్య చాలాసేపు కూర్చున్నాను. ఈ చలి దేశంలో ఒక్కో మొక్కకీ రాత్రిళ్లు దుప్పటి కప్పాను. "బాగుంది అత్తయ్యా" అన్న ఒక్క మాటకి ఇన్నేళ్లు పెంచాను.

కుళ్లు మీకొక్కరికే ఉందనుకోకండి. పోయినవారం ఫోన్‌లో చారు ఎలా పెట్టాలో మనస్వినికి చెప్పబోతే, "అత్తయ్య చారు రుచి నీకు రాదులే అమ్మా" అంది. ఇరవై రెండేళ్లు నా చారు తాగి పెరిగిన పిల్ల! పెళ్లయ్యాక మీ ఇంట్లో ఉన్నది ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఏం పోశారండీ దానికి? ఆ రోజు చారు గిన్నెతో సహా సింక్‌లో పెట్టేశాను. మీ అన్నయ్యగారు "నా అన్నంల ఏం పోసుకోవాలె?" అని అడిగితే పెరుగు గిన్నె ముందుకు తోశాను.

ఒక్కగానొక్క కూతురు. అది నా పక్కింట్లో ఉండాలి, సాయంత్రం డ్యూటీ దిగి నా వంటింట్లో స్టూల్ మీద కూర్చుని తలనొప్పి అనాలి. నాకు కావలసింది అంతే. కానీ మీరు పెద్దవారు. మీ మాట కాదని నేను ముందుకెళ్లను. మీ దగ్గరే ఉంచుకోండి.

ఇట్లు,
కృష్ణవేణి

తా.క.: ఎక్కడుంటే మీకు బాగుంటుందని పిల్లలు మనిద్దర్నీ గ్రూప్‌లో అడిగారు, చూశారా? నేను విడిగా జవాబు పంపేశాను. నా మాట ఒక్కటీ లేదు. అంతా మీ మాటే.


టకానిని
జులై 2

వదినగారికి,

కొంప మునిగింది. మీ ఊరి కొంప, మా ఊరి కొంప రెండూ.

ఏప్రిల్‌లో మీరు పంపిన జవాబేమిటో ఇప్పుడు తెలిసింది. "సంతోషంగా ఉంచుకోండి, మీ దగ్గరుంటే మా దగ్గరున్నట్టే" అని నేను రాసిన పేరాని ఫోటో తీసి మనస్వినికి పంపారు. ఎంత మోసం! నేను మాత్రం అలాంటి పని చేసేదాన్ని కాదని రాద్దామనుకున్నాను. కానీ మీ ఉత్తరంలో "కొడుకు తల్లి దగ్గరుండడం కంటే ధర్మం ఏముంది" అన్న పేరాని నేనూ ఫోటో తీసి రోహన్‌కి పంపాను. అదే రోజు. అరగంట తేడాలో.

మొగుడూపెళ్లాలు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చదివారట. నిన్న రోహన్ ఫోన్ చేసి, "అమ్మా, మేమేం ఫీల్ అవ్వట్లేదు. నువ్వు అత్తయ్య దగ్గర ఉండమన్నావు, అత్తయ్య నీ దగ్గర ఉండమంది. ఈ వయసులో చిన్నపిల్లాడితో మీ ఇద్దరికీ కష్టమే, మాకు అర్థమైంది. ఎవరికీ బర్డెన్ కాకుండా రెండు ఊళ్లకీ మధ్యలో వెల్లింగ్టన్‌లో జాబ్ చూసుకున్నాను. అక్కడే జాన్సన్‌విల్ పేటలో ఇల్లు తీసుకున్నాం, ఏడాది లీజు సైన్ చేసేశాం" అన్నాడు. సిడ్నీ మీదుగా నేరుగా వెల్లింగ్టన్‌లోనే దిగుతారట. మా ఎయిర్‌పోర్ట్ గడప కూడా తొక్కరు.

అదంతా మర్యాదకి రాసిందిరా అన్నాను. "మరి ఎందుకు రాశావమ్మా?" అన్నాడు. మన ఇళ్లలో "వద్దండీ, చాలండీ" అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి వడ్డిస్తాం. రెండుసార్లు వద్దని మూడోసారి తినడం మనకి మర్యాద. వీళ్లు ఆరేళ్లప్పటినుంచీ ఇక్కడ పెరిగారు. వద్దంటే గిన్నె పట్టుకుని వెళ్లిపోతారు. ఆ సంగతి మనిద్దరికీ తెలిసుండాల్సింది.

ఇక మనలో మనకి పోరెందుకు? ఇద్దరం ఓడిపోయాం. ఒక ఒప్పందం చేసుకుందాం. ఆగస్టు దాకా ఎవరమూ వెల్లింగ్టన్ వెళ్లవద్దు. అప్పుడు ఒకే రోజు ఇద్దరం కలిసి వెళ్దాం. నా మాట నేను తప్పను. మీరు మీ గోంగూర మీద ఒట్టు వేయండి.

మీ వదిన,
రాజేశ్వరమ్మ

తా.క.: మీరు వెళ్లరని నాకు తెలుసు. అయినా సత్యమ్మగారిని ఓ కన్నేసి ఉంచమన్నాను.


జాన్సన్‌విల్, వెల్లింగ్టన్
జులై 19

ప్రియమైన వదినగారికి,

పైన అడ్రస్ చూసి గుండె పట్టుకోకండి. ముందు కూర్చోండి.

మీ ఉత్తరం క్రైస్ట్‌చర్చ్ వెళ్లి, అక్కడ నేను లేనని తెలుసుకుని, పోస్టాఫీసు రీడైరెక్ట్ పుణ్యమా అని ఈ ఉదయమే ఇక్కడికొచ్చింది. మీకు రోహన్ చెప్పిన రోజే నాకు మనస్విని చెప్పింది. ఆ సాయంత్రమే పిల్లల ఇంటికి రెండు గుమ్మాల అవతల చిన్న యూనిట్ మూడు నెలలకి అద్దెకు తీసుకున్నాను. మీ అన్నయ్యగారు అక్కడే ఉండి చారు పెట్టుకోవడం నేర్చుకుంటున్నారు. మీ ఒట్టు అందేసరికే అది తప్పిపోయింది కాబట్టి గోంగూరకేమీ కాదు.

ఎయిర్‌పోర్ట్‌లో నన్ను చూసి మనస్విని నిలబడిపోయింది. "అలసిపోతావని కదమ్మా దూరంగా ఉంటామన్నాం" అంది. ఉండలేక వచ్చానే అన్నాను. "ఆ ముక్క మొదటే రాయొచ్చు కదా" అని ట్రాలీ వదిలేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. అంతమందిలో నేనూ ఏడ్చాను. అప్పుడు మీరు గుర్తొచ్చారు. సంతోషంలో మీరు గుర్తురావడం నాకు ఇదే మొదటిసారి.

ఆ మంచి మనసుతోనే, "మీ మాటకు కట్టుబడి అక్కడ ఒంటరిగా కూర్చున్నారు, వెంటనే వచ్చేయండి" అని మీకు రాద్దామని ఇప్పుడే కాగితం తీశాను. కిటికీ అవతల ట్రక్కు ఆగింది. ఎదురు యూనిట్ ముందు. అందులోంచి పన్నెండడుగుల ట్రాంపొలిన్ దిగింది, చుట్టూ వల ఉన్నది. దాని వెనక మోకాలికి ఇంకా పట్టీతో మీవారు, మధుసూదన్ అన్నయ్యగారు దిగారు. ఆయన వెనక మొహమంతా స్కార్ఫ్ చుట్టుకుని ఒకావిడ దిగింది. ఈ వెల్లింగ్టన్ గాలి మన మొహమాటం ఎరగదు వదినగారూ. ఒక్క విసురుకి స్కార్ఫ్ మూడిళ్ల అవతల చెట్టుకి తగులుకుంది.

నా మాట నేను తప్పను అన్నారు!

సరే, సరికి సరి. ఈ ఉత్తరానికి స్టాంపు అక్కర్లేదు. రోడ్డు దాటొచ్చి మీ తలుపు కింద తోస్తాను. సాయంత్రం భోజనానికి రండి. గోంగూర వండటం లేదు. కానీ ఒక్క సంగతి, ఈ ఊళ్లో ఇకనుంచి మన పద్ధతి మారింది. మీరు వద్దంటే నిజంగానే వడ్డించను.

మీ ఎదురింటి వదిన,
కృష్ణవేణి

తా.క.: బంటి నా పక్కనే కిటికీ దగ్గర నిలబడి మిమ్మల్ని చూశాడు. "హూ ఈజ్ దట్ లేడీ?" అన్నాడు. ఏమీ చెప్పకుండా ఊరుకుందామని ఒక నిమిషం అనిపించింది, దాచను. తర్వాత "నానమ్మ" అని చెప్పాను. ఇప్పటికి వాడిచేత నాలుగుసార్లు అనిపించాను. అన్న ప్రతిసారీ నాకు లోపల మండింది, అయినా అనిపించాను. త్వరగా రండి, మరిచిపోతాడు.