వెనక స్థలంలో ముంగిస

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి,

మీ అత్తయ్య దీవించి రాయునది. నేనూ, అబ్బాయీ వేళకింత తిని, లేచి, తిరుగుతూనే ఉన్నాం కాబట్టి క్షేమమనే రాస్తున్నాను. ఆ ఒక్క ముక్కా చదివి కాగితం మడిచి పెట్టేసేవు, కిందదాకా చదువు. నీ ఒంట్లో ఎలా ఉందో, ఆ కొండ మీద చలి ఎలా ఉందో వివరంగా రాయి. ఊరికే "బాగున్నాను" అంటే నాకు నమ్మకం కుదరదు.

నీ ఉత్తరం సరుకుల లారీలో దిగి మా చేతికి వచ్చేసరికి కవరు మీద ఎవరిదో నూనె చెయ్యి పడి ఉంది. లారీకి దారిలో ఏమైనా అయిందేమోనని కేకపెట్టాను. అబ్బాయి విని, "లారీకి ఏమన్నా అయితే ఉత్తరం ఎలా వస్తుందమ్మా?" అన్నాడు. నిజమే. నాకు భయం ముందు పరిగెత్తుకొస్తుంది, బుద్ధి వెనకాల నడుచుకుంటూ వస్తుంది. నా సంగతి నీకు కొత్తా?

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. నా మోకాలూ ఉంది, నొప్పీ ఉంది, రెండూ కలిసే తిరుగుతున్నాయి. నీ బూడిదరంగు స్వెట్టరు పెట్టె అడుగున ఉంది, పురుగు కొట్టలేదు. లారీవాడితో పంపుదామంటే పోగొడతాడేమోనని భయం, పంపకపోతే నీకు జలుబు చేస్తుందేమోనని భయం. పొయ్యి కట్టేశానో లేదోనని మాటిమాటికీ లేచి చూడడం తగ్గించమన్నావు. తగ్గించాను. ఇప్పుడు లేవకుండా పడుకునే ఆలోచిస్తున్నాను. మాత్రలు అబ్బాయి నా ఎదురుగానే మింగుతున్నాడు. ఎక్కడ నాలుక కింద దాస్తాడోనని నోరు తెరిపించి చూస్తే, "డిపోలో బస్సుని కూడా ఇంత తనిఖీ చెయ్యరమ్మా" అని వెక్కిరించాడు.

నువ్వు రాసిన ఇంకో మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. "ఇక్కడ ఎటు చూసినా చెట్లే అత్తయ్యా. సొరంగంలో పని ఆగిందంటే ఆకు కదిలిన చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టడం లేదు. కూలీ కాలికి కట్టు కడుతూ కడుతూ ఎక్కడిదాకా వచ్చానో మరిచిపోతున్నాను. మన వీధిలో హారన్ల మోత ఒక్కసారి వినబడితే ప్రాణం లేచొస్తుంది" అన్నావు. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు తల్లీ. అక్కర్లేని నీకేమో అడవంతా ఇచ్చాడు ఆ దేవుడు. ఇక్కడ వీడికి నాలుగు తుప్పలు కరువయ్యాయి. మీరిద్దరూ పంచుకునే వీలైనా లేకపోయె.

వాడి సంగతే రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇందాకటినుంచీ స్వెట్టరు గురించి రాస్తున్నాను.

బస్సు ఆపేసిన రోజు సంగతి నువ్వు ఇక్కడ ఉండగానే జరిగింది. పెద్ద కూడలిలో పచ్చదీపం వెలిగినా వాడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. వెనక హారన్లు, పక్కన దూరే మోటారు సైకిళ్ళు, ఎదుటి మేడమీద కదిలే బొమ్మల బోర్డు, బస్సు రేకు మీద దబదబ బాదే జనం. కండక్టరు వచ్చి భుజం తడితే "ఇన్ని ఒకేసారి పిలుస్తుంటే నేను దేనికి పలకను?" అన్నాడట. మెదడు అలిసిపోయింది, దాన్ని ఎవరూ పిలవని చోట కొన్నాళ్ళు కూర్చోబెట్టండి అన్నాడు డాక్టరు. ఈ ఊళ్ళో అలాంటి చోటు ఎక్కడుందని నేను, నువ్వు ముఖముఖాలు చూసుకున్నాం. వాడి జీతం ఆగింది గనక, డిపో పరీక్ష నెగ్గి వాడు మళ్ళీ బస్సెక్కితే కొండ దిగి వచ్చేస్తానని మాట చెప్పి నువ్వు ఆ సొరంగం దగ్గర నర్సు పనికి వెళ్ళావు.

నువ్వు వెళ్ళాక చోటు దానంతట అదే దొరికింది. మన వెనక గది కిటికీ అవతల ప్రహరీ కూలిన ఖాళీ స్థలం ఉండేది గుర్తుందా? పాత సామాను పారేసేవారే, అది. ఆముదపు మొక్కలు, ఉమ్మెత్త, పేరు తెలియని తీగలు, నడుమెత్తు గడ్డి. నేను దుమ్మొస్తుందని ఆ కిటికీ ఎప్పుడూ మూసే ఉంచేదాన్ని. వాడు ఒకరోజు తెరిచి కుర్చీ వేసుకున్నాడు. ఇక ఉదయం అక్కడే, సాయంత్రం అక్కడే. ఏం చూస్తున్నావురా అంటే "ఏమీ లేదు" అనేవాడు. ఏమీ లేనిదాన్ని అంతసేపు ఎవరైనా చూస్తారా అని నాకు అదో దిగులు.

కాని మనిషి మారాడు. చెప్పకుండానే నా మోకాలి మందు తెచ్చాడు. పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు. గిన్నె కింద పడితే ఉలిక్కిపడడం మానేశాడు. వాడితో తిరిగిన పొట్టి కండక్టరు ఒకనాడు వచ్చి, డిపోలో పరీక్ష ఎలా పెడతారో ఇంట్లోనే చూపిస్తానని నా వంటింట్లోంచి రెండు డబ్బా మూతలు పట్టుకొచ్చాడు. ఎర్రమూత ఎత్తితే కాలు నొక్కాలి, పచ్చమూత ఎత్తితే చెయ్యెత్తాలి. ఆ పొట్టివాడు కుర్చీ ఎక్కి, దిగి, తలుపు వెనక దాక్కుని మూతలు ఊపుతుంటే మనవాడు ఒక్కటీ తప్పలేదు. "మామ్మగారూ, రాసిపెట్టుకోండి, మీవాడు మళ్ళీ సీటెక్కుతాడు. ఇక మీ మూతలు మీరు తీసుకోండి" అన్నాడు. నాకు అంత సంతోషం ఎప్పుడూ లేదు. ఆ సంతోషం కూడా దిష్టి తగులుతుందని నీకు రాయలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వాడు వంటింట్లోకి పరుగున వచ్చాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చినట్టు ముఖం వెలిగిపోతోంది. "అమ్మా, ముంగిస! పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. ఇంతింత ఉన్నాయి, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు వరసగా పోతున్నాయి. రా, చప్పుడు చెయ్యకుండా రా" అని చెయ్యి పట్టుకు లాగాడు. మర్నాడు కిందికి దిగి ఆ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాడు.

కొద్దిరోజుల్లోనే మట్టి తవ్వే పెద్ద మిషను వచ్చింది. ఎవరో అర్జీ పెట్టారన్నారు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకి ఒక్క ఆకు మిగల్చలేదు. ఆ తర్వాత సిమెంటు పోశారు. ఇప్పుడక్కడ కార్లు నిలబెడుతున్నారు. వెనక్కి వెళ్ళే ప్రతి కారూ కీకీమంటూ కూస్తుంది. స్తంభానికి తెల్లదీపం ఒకటి కట్టారు, అది మన గది గోడ మీదే పడుతుంది.

వాడు అరవలేదు, ఏడవలేదు. కిటికీ మూసి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. నేను చెయ్యనిది లేదు. కుండీలో మొక్క కొని ఎదురుగా పెట్టాను. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు మర్యాదగా చూశాడు. జలపాతం బొమ్మ ఒకటి తెచ్చి గోడకి అతికించాను. "నీళ్ళు పడుతూనే ఉన్నాయి, బక్కెట్టు పెట్టమ్మా" అన్నాడు. రెండు బస్సులు మారి పార్కుకి తీసుకెళ్ళాను. అక్కడ మనుషులు ఎవరో తరుముతున్నట్టు గుండ్రంగా తిరుగుతున్నారు, స్తంభాలకి పాటల పెట్టెలు, గడ్డి మీద కూర్చుంటే ఈల వేసే కాపలావాడు. పావుగంటకే "ఇంటికి పోదాం" అన్నాడు. మళ్ళీ గిన్నె పడితే ఉలికిపాటు, మళ్ళీ పేపరు తిరగేసి పట్టుకోవడం.

అలా ఉండగానే పరీక్షకి పిలుపొచ్చింది. ఈసారి తప్పితే డ్రైవరు పని ఇక లేదని ముందే చెప్పారు. నేనూ తోడు వెళ్ళి బయట బల్ల మీద కూర్చున్నాను. తప్పాడమ్మా. డిపో డాక్టరు మంచివాడే. "కళ్ళు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, మనసే ఒకచోట నిలవడం లేదు మామ్మగారూ" అన్నాడు. షెడ్డులో బస్సులు కడిగే పని ఇస్తామన్నారు. రేకుల చప్పుడు, నీళ్ళ మోటారు హోరు, అరుపులు. వాడు సరేనన్నాడు. నువ్వు ఎప్పుడొస్తావని నేను ఏ ముఖం పెట్టుకుని అడగను?

ముఖం అని ఎందుకు అన్నానంటే, ఆ అర్జీ పెట్టింది నేనే.

ముంగిస అని వాడు చెప్పగానే నాకు ముంగిస వినబడలేదు, పాము వినబడింది. ముంగిస తిరుగుతోందంటే దాని తిండి కూడా అక్కడే తిరుగుతూ ఉండాలి కదా. పిల్లల్ని పెట్టిందంటే ఎంత తిండి ఉండాలి! పైగా వీడు వెళ్ళి ఆ గడ్డిలోనే మోకాళ్ళ మీద కూర్చుంటున్నాడు. చెబితే నవ్వేస్తాడు. నువ్వు లేవు. రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు వార్డు ఆఫీసుకి వెళ్ళి గుమాస్తాతో చెప్పాను. "పాముని మీరు చూశారా?" అన్నాడు. చూశానన్నాను. నిజానికి దాని తోక కూడా చూడలేదు. అతను రాశాడు, నేను సంతకం పెట్టాను. మన కాలువ పూడిందని ఏళ్ళ తరబడి మొత్తుకున్నా తొంగిచూడని వాళ్ళు దీనికి మాత్రం ఉరుకుల పరుగుల మీద వచ్చారు. స్థలం సొంతదారు అలాంటి అర్జీ కోసమే కాచుక్కూచున్నాడట.

సిమెంటు పోశాక మళ్ళీ వెళ్ళాను. నా అర్జీ వెనక్కి తీసుకుంటాను బాబూ అన్నాను. గుమాస్తా పక్కవాడిని పిలిచి మరీ చెప్పాడు. "పని జరగలేదని తిట్టడానికి వచ్చేవాళ్ళని చూశాం గాని, జరిగిందని ఏడ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాం" అని ఇద్దరూ నవ్వారు. పాపం, కుర్చీ వేసి కూర్చోమన్నారు. కూర్చుని ఏం చెయ్యను? లేచి వచ్చేశాను.

వాడికి ఎలా చెప్పాలా అని లోలోపల ఉడికిపోతూనే ఉన్నాను. పరీక్ష పోయిన రోజు తిరుగు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. వాడు కిటికీలోంచి చూస్తూనే, "నువ్వు దిగులు పెట్టుకోకమ్మా. నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు.

"ఏంటిరా తెలుసు?"

"మిషను డ్రైవరు కిందనుంచి కేకేశాడు. అర్జీ పెట్టిన మామ్మగారి ఇల్లు ఇదేనా, తాగడానికి కాసిని నీళ్ళు దొరుకుతాయా అని. నువ్వు పెరుగు కోసం వెళ్ళావు. నేనే దిగి ఇచ్చాను."

"నన్ను అడగలేదేంరా?" అన్నాను.

"నువ్వు భయపడ్డావు. భయపడ్డవాళ్ళని అడిగేదేముంది?"

రెండు స్టాపులు దాటాక నా వైపు తిరిగి నవ్వాడు. "ఇంకోసారి ఏదన్నా కనబడితే నీకు చెప్పనులే" అన్నాడు.

తమాషాకే అన్నాడు. కాని అప్పటినుంచి నిజంగానే చెప్పడం లేదు. తిట్టినా బాగుండేది, రెండు మాటలు పడి ఊరుకుందును. షెడ్డు నుంచి తడిబట్టలతో వస్తాడు, పెట్టింది తింటాడు. ఈమధ్య సాయంత్రం పూట వీధివైపు వసారాలో నిలబడి ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీదుగా పైకి ఎటో చూస్తున్నాడు. అలా చూసినంతసేపూ వాడి భుజాలు కాస్త దిగి ఉంటున్నాయి. అక్కడ ఏదో ఉంది. పిట్టో, గూడో, రావి మొక్కో నాకు తెలియదు. నేను లోపలే కూర్చుంటున్నాను, ఆ వేళకి వసారాలోకి రాను. అటు చూస్తే నాకేం కనబడుతుందో, ఏం భయం పుడుతుందో, ఆ భయం నన్ను ఎక్కడికి నడిపిస్తుందో నా చేతిలో లేదు.

నువ్వు వాడికి విడిగా ఉత్తరం రాసి, ఏం చూస్తున్నావని అడుగు. నీకు చెబుతాడు. ఎవరో ఒకరికి చెప్పుకోవాలి వాడు. చెబితే విని నీ దగ్గరే ఉంచుకో తల్లీ. నాకు మాత్రం రాయకు.

ఇట్లు,
నీ అత్తయ్య