కార్డులాటకు పొట్లమా, డబ్బనా

ఆదివారం రాత్రి, నర్సింహులపేట

తెలంగాణ బంద్‌లకు బడి మూసిండ్రని మనవరాలు మల్లిక మా ఇంటికొచ్చింది. ఈడ ఆడేటోళ్లు లేరు. నాతో మాట్లాడాలంటే దానికి సిగ్గు, నాకు అంతకంటే ఎక్కువ. ఇయ్యాల మానుకోట బజారుకు పోయి, అది చెప్పిన కొత్త కార్డులాట అడిగిన.

దుకాణపాయన రెండు రకాలు ముందట పెట్టిండు. "పొట్లంల మంచి బొమ్మ పడుడు నసీబు, బాపు. గీ డబ్బల ఇద్దరికి సరిపోను కార్డులుంటయి. రెండో మనిషి ఎవరు?"

నేనే అనడానికి సిగ్గయి తువ్వాల సదురుకున్న. డబ్బ దిక్కు ఏలు సూపిన.

"ఓహో, ఆటగాడివి నువ్వేనా!" అని నవ్విండు.

పొద్దుగూకంగ అరుగు మీద కూసున్నం. నాకు నిప్పురెక్కల పిట్ట బొమ్మ కార్డు పడ్డది. సూస్తుంటే మక్కచేన్ల మీదికెల్లి నన్నే ఎత్తుకపోతున్నట్టున్నది. పేకాట పత్తాలల్ల అలవాటు కొద్ది దాన్ని ఆఖరుదాంక చేతిలనే దాచి ఓడిపోయిన.

"తాతా, గిది పత్తాలాట కాదే! మంచిది ముందుగాల్నే కిందెయ్యాలె, అప్పుడే బలమొస్తది," అని మల్లిక ఒక్కటే నవ్వుడు.

పండేముందు అదే నా మంచం కాడికొచ్చింది. "రేపు జల్ది లెవ్వు, నీకు నేను నేర్పుత."

సక్కగ నేర్చుకుంటే నేర్పుడు ఆపేస్తదేమో. జర మెల్లగనే నేర్చుకుంట...